ఎర్ర కుల్లాయి పిల్ల తోనో కొండల్లో: పాశ్చాత్య అద్భుత కథను జపాన్ జానపదంలో తిరిగి చెప్పే పద్ధతి

ఒక ప్రసిద్ధ కథను జపాన్ జానపద సంప్రదాయంలో తిరిగి చెప్పాలనుకునేవారు సాధారణంగా పేర్లతో మొదలుపెడతారు. అమ్మాయికి హనాకో అని పేరు పెట్టి, గౌనుకు బదులు కిమోనో తొడిగి, అడవిలో చెర్రీ పూలు పూయించి, వేటగాడి చేతికి సమురాయ్ కత్తి ఇస్తారు. కథ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. నా మొదటి చిత్తుప్రతి కూడా ఇలాగే తయారైంది. అందులో తోడేలును చంపించాను. అదే తోడేలును జపాన్‌లో కొన్ని కొండ ప్రాంతాల ప్రజలు దేవుడి దూతగా కొలుస్తారని తర్వాత తెలిసి, రాసిందంతా పక్కన పెట్టవలసి వచ్చింది.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతిని ఇక్కడ అడుగడుగునా వివరిస్తాను. ఉదాహరణకు అందరికీ తెలిసిన లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్ కథను తీసుకుంటున్నాను. సౌకర్యం కోసం ఆ అమ్మాయిని ఎర్ర కుల్లాయి పిల్ల అందాం. ఈ పద్ధతికి ఆధారం ఒకే ఒక్క ప్రశ్న: మూలకథలో ఒక పాత్ర చేసే పనిని ఆ నేల మీద ఎవరు చేస్తారు, ఏ నియమానికి కట్టుబడి చేస్తారు?

మొదటి అడుగు: కథను క్రియలుగా విడదీయండి

కథను విడదీసే ముందు దాని పాత రూపాలను చూడాలి. 1697లో షార్ల్ పెరో ప్రచురించిన ఫ్రెంచి పాఠంలో తోడేలు పిల్లను తినేస్తుంది, కథ అక్కడితో ముగుస్తుంది. కాపాడడానికి ఎవరూ రారు. మనకు బాగా తెలిసిన వేటగాడు, తోడేలు కడుపు కోయడం, అందులో రాళ్లు నింపడం 1812లో గ్రిమ్ సోదరులు ప్రచురించిన జర్మన్ పాఠంలోనివి. వీటికి తోడు ఫ్రెంచి పల్లెల్లో నోటి మాటగా బతికిన మరో రూపం ఉంది. అందులో పిల్ల తన తెలివితోనే బయటపడుతుంది. బయటికి వెళ్లాలని మారాం చేస్తుంది, తోడేలు ఆమె కాలికి తాడు కట్టి వదులుతుంది, పిల్ల ఆ తాడును పెరట్లోని చెట్టుకు కట్టి పరుగెత్తుతుంది. ఈ తాడును గుర్తుంచుకోండి, దీని అవసరం ముందుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద పాత్రల పేర్లు, వస్తువుల పేర్లు రాయకుండా జరిగిన పనులు మాత్రమే రాయండి. ఒక పిల్ల మనుషులు ఉండని చోటు మీదుగా ఒక ఇంటినుంచి మరో ఇంటికి తిండి తీసుకువెళుతుంది. దారిలో ఒకరు ఆమె ఎక్కడికి పోతోందో తెలుసుకుంటారు. ఆమెకంటే ముందే అక్కడికి చేరి, ఆమెకు ఇష్టమైన మనిషి రూపంలో ఎదురుచూస్తారు. పిల్ల ఆ శరీరంలో ఒక్కొక్క అవయవాన్నీ చూస్తూ ప్రశ్నలు అడుగుతుంది. చివరి ప్రశ్నకు ప్రమాదం బయటపడుతుంది. మీరు నిలబెట్టవలసింది ఇంతే. తోడేలు, బుట్ట, వేటగాడు, చివరికి ఎర్ర కుల్లాయి కూడా ఈ ఎముకల మీద పెరిగిన కండ మాత్రమే. కండ ఏ నేల తిండితో పెరుగుతుందో ఆ నేల రుచే దానికి వస్తుంది.

రెండవ అడుగు: ఆ నేల మీద ఉన్న చుట్టాలను వెతకండి

కల్పన మొదలుపెట్టకముందే ఇదే ఎముకల గూడుతో జపాన్‌లో కథలు ఉన్నాయేమో చూడాలి. ఎర్ర కుల్లాయి పిల్లకు అక్కడ దగ్గరి చుట్టాలు ఇద్దరున్నారు.

మొదటిది సూర్యదేవుడి బంగారు గొలుసు కథ. తల్లి ఊరికి వెళుతూ, కొండల్లో తిరిగే యమంబా అనే ముసలి రాక్షసి వస్తుంది, తలుపు తీయవద్దని పిల్లలకు చెప్పి వెళుతుంది. యమంబా తల్లి వేషంలో వచ్చి తలుపు కొడుతుంది. పిల్లలు చెయ్యి చూపించమంటారు. గరుకుగా ఉందని మొదట తలుపు తీయరు, చెయ్యి నునుపు చేసుకుని మళ్లీ వచ్చాక మోసపోతారు. రాత్రి చీకట్లో పక్కమీద కరకరమని నమిలే చప్పుడు వినిపించి, పెద్ద పిల్లవాడు ఏం తింటున్నావని అడుగుతాడు. ఊరగాయ అని జవాబు వస్తుంది. నాకూ పెట్టమంటే, కొన్ని పాఠాంతరాల్లో ఆమె విసిరేది చిన్న తమ్ముడి వేలు. మిగిలిన పిల్లలు పారిపోయి చెట్టెక్కి సూర్యుణ్ణి ప్రార్థిస్తారు, ఆకాశం నుంచి గొలుసు దిగుతుంది. యమంబా కోసం దిగింది పుచ్చిపోయిన తాడు. అది తెగి ఆమె సోబా (బక్‌వీట్) చేలో పడుతుంది. ఆ మొక్క కాడలు ఎర్రగా ఉండడానికి ఆమె నెత్తురే కారణమని కథ ముగుస్తుంది.

రెండవది మూడు తాయెత్తు కాగితాల కథ. గుడిలో ఉండే కుర్రవాడు చెస్ట్‌నట్ కాయలు ఏరుకోవడానికి కొండకు వెళ్లి యమంబా గుడిసెలో చిక్కుకుంటాడు. మరుగుదొడ్డికి వెళ్లాలంటాడు. ఆమె అతని నడుముకు తాడు కట్టి పంపుతుంది. అతను తాడును స్తంభానికి కట్టి, గురువు ఇచ్చిన మంత్ర కాగితాన్ని అక్కడ ఉంచుతాడు. ఆమె "అయిందా?" అని అడిగినప్పుడల్లా కాగితమే "ఇంకా కాలేదు" అని పలుకుతుంది.

ఫ్రెంచి పల్లె కథలోని తాడే ఇక్కడా కనిపిస్తోంది. ఒకచోటినుంచి మరోచోటికి ప్రయాణించిందో, రెండుచోట్లా విడివిడిగా పుట్టిందో తేల్చడం మన పని కాదు. రెండు సంప్రదాయాలూ కలిసే ఇలాంటి చోటు దొరికిందంటే మీ కథకు గట్టి కీలు దొరికినట్టే. అయితే ఈ జపాన్ కథల్లో ఒకదాన్ని తెలుగు చేసి ఊరుకుంటే అది అనువాదం అవుతుంది. తిరిగి చెప్పడం అంటే రెండు కథలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం.

మూడవ అడుగు: దేశాన్ని వదిలి ఒక లోయను ఎంచుకోండి

జపాన్ జానపదం అనేది ఒక్కటిగా ఉండదు. ఉత్తరాన తోహోకు మంచుకొండల్లో చెప్పే కథకూ, దక్షిణ దీవుల్లో చెప్పే కథకూ చాలా తేడా ఉంటుంది. నేను ఎంచుకున్నది ఇవాతె ప్రాంతంలోని తోనో లోయ. యనగిత కునియో అనే పండితుడు, తోనోకు చెందిన ససకి కిజెన్ చెప్పిన విషయాలను విని రాసి, 1910లో 119 చిన్న చిన్న కథనాలుగా ప్రచురించాడు. జపాన్‌లో జానపద అధ్యయనానికి ఈ పుస్తకాన్ని పునాదిగా భావిస్తారు. ఇందులో చాలావరకు ఫలానా ఊళ్లో, ఫలానా ఇంట్లో జరిగిందని చెప్పుకున్న సంగతులే కాబట్టి, నేల మీద నిలబడాలనుకునే రచయితకు ఇంతకంటే మేలైన ఆధారం అరుదు.

లోయ ఒకటి నిశ్చయమైతే మిగిలిన నిర్ణయాలు వాటంతట అవే సులభమవుతాయి. చలి వల్ల పత్తి పండని నేల కాబట్టి పిల్ల ఒంటిమీద పట్టు కిమోనో ఉండదు, జనపనార లాంటి మొక్కనారతో నేసిన ముతక బట్ట ఉంటుంది. వరి తరచుగా చలికి దెబ్బతింటుంది కాబట్టి ఇంట్లో హియె అనే చిరుధాన్యం ఉడుకుతుంది. అది గుర్రాలను పెంచే ప్రాంతం. మనుషులుండే భాగమూ గుర్రపుశాలా ఒకే కప్పు కింద, మూల తిరిగి కలిసే ఇళ్లు అక్కడి ప్రత్యేకత. మీ కథ మొదటి వాక్యంలో చీకట్లో గుర్రం ఊపిరి వినిపిస్తే పాఠకుడికి చెర్రీ పూల అవసరం ఉండదు.

ఇక అసలు నిధి ఆ పుస్తకంలోని 111వ కథనంలో ఉంది. పూర్వం అరవై దాటిన ముసలివారిని ఊరి బయట దెందెరనో అనే మిట్టకు పంపేసేవారట. ఊరికే చావడానికీ వీలులేక, ఆ ముసలివారు పగలు కిందికి దిగి పొలాల్లో పనిచేసి, కడుపుకు ఇంత సంపాదించుకుని, సాయంత్రానికి మళ్లీ మిట్టకు చేరేవారట. ముసలివారిని కొండలో వదిలేయడమనే ఇతివృత్తం జపాన్ సాహిత్యంలో పదవ శతాబ్దం నుంచీ కనిపిస్తుంది. అది దేశమంతటా నిజంగా సాగిన ఆచారమని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు కాబట్టి, మీ ముందుమాటలో దాన్ని చరిత్రగా కాకుండా ఐతిహ్యంగానే చెప్పండి.

మూలకథలో అమ్మమ్మ అడవిలో ఒంటరిగా ఎందుకు ఉంటుందని ఎవరూ అడగరు. తోనోలో ఆ ప్రశ్నకు జవాబు ఉంది, ఆ జవాబే కథ మొత్తాన్నీ నడుపుతుంది.

నాలుగవ అడుగు: తోడేలుకు దాని స్థానం దానికి ఇవ్వండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

ఐరోపాలో గొర్రెలు మేపే రైతుకు తోడేలు శత్రువు. జపాన్ కొండ రైతుకు అసలు బాధ పంటను తవ్వేసే అడవిపందులతో, జింకలతో. వాటిని వేటాడే తోడేలు అతనికి రక్షకుడు. సైతమ ప్రాంతంలో, చిచిబు కొండల్లో ఉన్న మిత్సుమినె దేవాలయం ముందు సింహాలకు బదులు తోడేలు విగ్రహాలు కావలి కాస్తాయి. తోడేలు బొమ్మ ఉన్న రక్షరేకును భక్తులు ఇంటికి తెచ్చుకుంటే అగ్నిప్రమాదం, దొంగల భయం ఉండవని నమ్మకం. తోడేలును ఓకమి అంటారు. గొప్ప దేవుడు అనే అర్థం వచ్చే మాట కూడా అలాగే పలుకుతుంది.

అంతమాత్రాన తోడేలును సాధువుగా చూపించడం కూడా తప్పే. గుర్రాలను పెంచే తోనోలో తోడేలంటే భయం ఉంది. యనగిత పుస్తకంలో ఒక కథనం ఉంది. గడ్డి కోయడానికి వెళ్లిన ఒక ఊరివారు రాతి గుహలో మూడు తోడేలు కూనలను చూసి, రెండింటిని చంపి ఒకదాన్ని ఇంటికి తెస్తారు. ఆనాటినుంచి తోడేళ్లు ఆ ఊరి గుర్రాల మీద మాత్రమే పడతాయి. చివరికి ఒక బలవంతుడు తల్లి తోడేలు నోట్లోకి తన చేతిని దూర్చి దాన్ని చంపుతాడు, ఆ గాయంతో తానూ మరణిస్తాడు. ఇక్కడ తోడేలు కోపానికి కారణం ఉంది. పెరో తోడేలులాగా ఊరికే ఆకలితో మాయమాటలు చెప్పే జీవి కాదది.

మన కథకు సరిగ్గా సరిపోయేది ఒకురి ఓకమి, అంటే సాగనంపే తోడేలు. తోహోకు నుంచి క్యూషూ వరకూ ఈ నమ్మకం ఉంది. రాత్రివేళ కొండదారిలో ఒంటరిగా నడిచేవారి వెనక ఇది చప్పుడు లేకుండా వస్తుంది. మనిషి తూలి పడితే మీద పడి తింటుంది. పడినా, అలసి కావాలనే కూర్చున్నట్టు నటించి ఆ మాట పైకి అంటే ఏమీ చేయదు. అది వెంట ఉన్నంతసేపూ మరే మృగమూ దగ్గరికి రాదు. ఇల్లు చేరాక దానికి కృతజ్ఞత చెప్పి, కొంచెం తిండో, కాలి చెప్పుల్లో ఒకటో ఇస్తే తిరిగి వెళ్లిపోతుంది.

ఈ నియమాన్ని కొంచెం దగ్గరగా చూడండి. ఒకే జీవి కాపాడుతుంది, అదే తినగలదు. ఆ రెండింటి మధ్యా ఉన్నది ఒక అడుగు తడబాటు, ఒక మాట. జపాన్ అతీత జీవుల్లో చాలావాటికి ఇలాంటి షరతు ఉంటుంది. షరతు తెలియకుండా వాటిని వాడితే అవి బొమ్మలుగా మిగిలిపోతాయి, తెలిస్తే మీ కథకు నడక వస్తుంది.

మరో సంగతి కూడా ఉంది. నేటి జపాన్ భాషలో ఒకురి ఓకమి అంటే, ఇంటిదాకా దిగబెడతానని మంచిగా మాట్లాడి ఆడపిల్ల మీద చెయ్యి వేసే మగవాడు. పెరో తన కథ చివర పద్యంలో చెప్పిన హెచ్చరిక కూడా ఇదే. మెత్తగా మాట్లాడుతూ ఆడపిల్లల వెంట ఇంటిదాకా నడిచే తోడేళ్లే అన్నిటికంటే ప్రమాదమని ఆయన అన్నాడు. రెండు దేశాల తోడేళ్లూ కలుసుకున్న చోటు ఇది. ఈ నేటి అర్థాన్ని కథలో విప్పి చెప్పకండి. వెనక వినిపించే అడుగుల్లో ఆ అనుమానాన్ని ఉండనివ్వండి చాలు.

జపాన్ తోడేలు ఇప్పుడు లేదు. నారా ప్రాంతంలోని వషికగుచిలో 1905లో దొరికినదాన్ని చివరిదిగా లెక్కిస్తారు. కథను ఆ తేదీకి ముందు పెట్టండి.

ఐదవ అడుగు: గుడిసెలో ఉన్నది ఎవరు?

తోడేలు దారికే పరిమితమైతే మంచం మీద వేషం వేసుకుని పడుకునేది ఎవరు? యమంబాయే. ఆమె మనుషులను తింటుంది, అది నిజమే. కానీ మహాబలుడైన కింతరోను పెంచిన తల్లి కూడా యమంబాయే అంటారు. ఆమెకు మేలు చేసిన ఇంట సిరి నిలుస్తుందని చెప్పే కథలూ ఉన్నాయి. కొండలో ఒంటరిగా ముసలిదైపోయిన ఆడమనిషి అన్న రూపంలోనే భయమూ జాలీ రెండూ ఉన్నాయి.

ఇప్పుడు దెందెరనోను, యమంబాను పక్కపక్కన పెట్టండి. ఊరు వదిలేసిన ముసలామె ఒకరు, ఊరు భయపడే ముసలామె మరొకరు. ఇద్దరూ ఒకే కొండ మీద ఉంటారు, ఇద్దరికీ ఆకలి. మూలకథలో తోడేలు అమ్మమ్మను మింగి ఆమె బట్టలు వేసుకుంటుంది. మన కథలో యమంబా నానమ్మను మింగిందా, లేక నానమ్మే యమంబాగా మారిందా? నా అభిప్రాయంలో దీనికి రచయిత జవాబు చెప్పకూడదు. పిల్లకు కూడా తెలియకూడదు.

నానమ్మ అని ఎందుకన్నానో చెప్పాలి. జపాన్ మాటలో తల్లి తల్లికీ తండ్రి తల్లికీ తేడా లేదు. తెలుగులో రాసేవారు మాత్రం అమ్మమ్మో నానమ్మో తేల్చుకోవాలి, లేదా అవ్వ అని దాటవేయాలి. తేల్చుకోవడమే మంచిది. ఆ ఇళ్లలో ముసలామె కొడుకుతో ఉంటుంది కాబట్టి ఆమె నానమ్మ. అంటే ఆమెను మిట్టకు పంపింది ఈ పిల్ల తండ్రే. ఒక్క చుట్టరికపు మాట ఎంచుకోవడంతో ఇంట్లో పొయ్యి పక్కన తలవంచుకుని కూర్చున్న ఒక మనిషి కథలోకి వచ్చాడు. తెలుగు భాష ఈ కథకు ఉచితంగా ఇచ్చిన పాత్ర ఇది.

ఆరవ అడుగు: ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది?

పేద కొండపల్లెలో ఎర్రబట్ట దొరకడమే వింత. కుసుంబా పువ్వు ఎరుపు ఖరీదైనది, సామాన్యుల బట్టల రంగుల మీద ఆంక్షలుండేవి. అందువల్ల కుల్లాయికి ఒక కారణం చూపాలి. జపాన్‌లో ఎరుపు మశూచిని తరిమే రంగు, పిల్లలను కాచే జిజో విగ్రహాల మెడలో కట్టే గుడ్డ రంగు. వీటిలో ఏదైనా వాడవచ్చు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం కన్రెకి.

మనకు ప్రభవ నుంచి అక్షయ వరకూ అరవై ఏళ్ల చక్రం ఉన్నట్టే తూర్పు ఆసియాలోనూ అరవై ఏళ్ల చక్రం ఉంది. మన షష్టిపూర్తి లాంటిదే కన్రెకి. అరవై నిండిన మనిషి మళ్లీ పుట్టినట్టు లెక్క. అందుకని పసిపిల్లల రంగైన ఎరుపులో చేతులు లేని అంగీ, కుల్లాయి తొడుగుతారు. తోనో ఐతిహ్యంలో మిట్టకు వెళ్లే వయసు కూడా అరవైయే. ఈ రెండింటినీ కలపడం నా కల్పన. ఆ పల్లెల్లో అలా జరిగేదని నేను అనడం లేదు. కానీ కలిపి చూస్తే, పండుగగా తొడిగిన ఎర్ర కుల్లాయే ఇల్లు విడిచి వెళ్లమనే ఆజ్ఞ అవుతుంది. వెళ్లేరోజున నానమ్మ దాన్ని తీసి మనవరాలి తలకు పెట్టి వెళుతుంది.

ఇలాంటి గుర్తుకు ఒక అర్థం చాలు. మశూచినీ, జిజోనూ కూడా దూర్చితే ఎరుపు పలచబడిపోతుంది.

ఏడవ అడుగు: బుట్ట, వేటగాడు

బుట్టలో రొట్టె, ద్రాక్షసారాయి బదులు హియె ముద్ద, కొంచెం ఊరగాయ ముల్లంగి పెట్టండి. ఊరగాయ నమిలే చప్పుడు తర్వాత గుడిసెలో పనికివస్తుంది. వేటగాడి స్థానంలో తోహోకు వేటగాళ్లయిన మతగిలు వెంటనే గుర్తుకొస్తారు. కొండలో వాళ్లు వేరే మాటలు మాట్లాడతారు, కొండదేవత కోపానికి భయపడి ఎన్నో నిషేధాలు పాటిస్తారు. వాళ్లది మరో పూర్తి కథ. ఇక్కడ వాళ్లను తీసుకురాకండి. పిల్లను కాపాడడానికి తాడు, తోడేలు ఉన్నాయి.

ఎనిమిదవ అడుగు: తెలుగులో వినిపించండి

జపాన్ మాటలు రాయడంలో తెలుగు లిపికి ఒక గొప్ప సౌలభ్యం ఉంది. ఆ భాషలో హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థమే మారుతుంది. ఒబసన్ అంటే అత్తయ్య, పిన్ని వరసవారు. ఒబాసన్ అంటే నానమ్మ. ఓకమి తోడేలు, ఒకమి సత్రం యజమానురాలు. ఇంగ్లీషు అక్షరాల్లో సాధారణంగా కలిసిపోయే ఈ తేడాలను మన అచ్చులు స్పష్టంగా చూపగలవు కాబట్టి, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి రాయకుండా పలుకుబడి విని రాయండి.

జపాన్ మాటలు ఎన్ని ఉండాలి? చిన్న కథలో మూడో నాలుగో చాలు. యమంబా, దెందెరనో, హియె ఉంచండి. ఒకురి ఓకమిని సాగనంపే తోడేలు అనండి, ఎందుకంటే సాగనంపడం అనే మాటలో ఇంటిదాకా తోడురావడమూ ఉంది, చివరి వీడ్కోలూ ఉంది.

అనుకరణ శబ్దాల్లో రెండు భాషలూ సంపన్నమైనవే. వాళ్లు పొరి పొరి అనేచోట మనకు కరకర ఉంది. వాళ్ల శబ్దాన్ని అరువు తెచ్చుకోకండి. కథ మొదలు విషయంలోనూ అంతే. ముకషి ముకషి అని వాళ్లు మొదలుపెట్టేచోట అనగనగా హాయిగా నిలుస్తుంది. ముగింపు మాత్రం వేరు. కథ కంచికి అంటే వినేవారి మనసు వెంటనే మన నేలకు వచ్చేస్తుంది. తోనోలో కథ ముగిశాక దొందొ హరె అంటారు. దాన్ని అలాగే ఉంచండి, అర్థం చెప్పకండి.

తొమ్మిదవ అడుగు: రెండు ఘట్టాలను ముందుగా రాయండి

కథను మొదటినుంచి వరసగా రాయకుండా, దాని బరువు మోసే రెండు ఘట్టాలను ముందు రాసి చూసుకోవాలి. ఒకటి దారి, రెండవది ప్రశ్నలు. నా చిత్తుప్రతిలోని దారి ఘట్టం ఇది:

"కనుమ ఎక్కేసరికి వెనక మరో జత అడుగులు వినిపించాయి. పిల్ల ఆగితే అవీ ఆగాయి. నడిస్తే నడిచాయి. మంచు కింద ఉన్న వేరు కాలికి తగిలి పిల్ల బోర్లా పడింది. అరచేతులు మండుతున్నాయి. మెడ మీద వెచ్చని ఊపిరి తగిలింది. నానమ్మ నేర్పిన మాట గుర్తొచ్చి, ఏడుపు మింగుకుని, గట్టిగా అంది: 'అమ్మయ్య, కాసేపు కూర్చుంటాను.' ఊపిరి వెనక్కి తగ్గింది."

ఇందులో తోడేలు అన్న మాట లేదు, దాని షరతు మాత్రం ఉంది. ఆ షరతును నానమ్మే నేర్పింది కాబట్టి, గుడిసె చేరకముందే నానమ్మ ప్రేమ పిల్లను ఒకసారి కాపాడింది. తర్వాత వచ్చే భయానికి ఇది అవసరం.

ప్రశ్నల ఘట్టం మూలకథకు గుండెకాయ. చెవులు వినడానికి, కళ్లు చూడడానికి, నోరు తినడానికి అన్న వరస అందరికీ నోటికి వచ్చు. కొత్త కథలో ప్రశ్నలు అలాగే ఉండవచ్చు, జవాబులు మాత్రం ఆ గుడిసెలోనుంచే పుట్టాలి.

"'నానమ్మా, నీ చేతులు ఇంత గరుకెక్కాయేం?'
'కట్టెలు నేనే కొట్టుకుంటున్నాను తల్లీ.'
'నానమ్మా, నీ జుట్టు ఇంత పెరిగిందేం?'
'దువ్వే చెయ్యి లేక.'
'నానమ్మా, నీ నోరు ఇంత పెద్దదయిందేం?'
'పిలిచి పిలిచి.'"

ప్రతి జవాబూ యమంబా చెప్పగల అబద్ధమే, నానమ్మ చెప్పగల నిజమే. ఈ రెండర్థాలూ సమానంగా తూగేవరకూ తిరగరాయండి. ఒకవైపు మొగ్గితే అది రాక్షసి కథ అయిపోతుంది, రెండోవైపు మొగ్గితే కన్నీటి కథ అయిపోతుంది. నేను మూడవ జవాబును చాలాసార్లు మార్చాను. మొదట "నిన్ను తినడానికి" అని మూలాన్నే ఉంచాను, తర్వాత "ఆకలికి" అన్నాను. "పిలిచి పిలిచి" దొరికాక ఆకలి అన్న మాటను చివరి ఘట్టం కోసం దాచుకోగలిగాను.

పదవ అడుగు: ముగింపును ముందే పేర్చిన వస్తువులతో కట్టండి

ఇప్పుడు మీ చేతిలో మూడు వస్తువులున్నాయి: తాడు, చెప్పులు, వాకిట్లో ఎదురుచూసే తోడేలు. పిల్ల బయటికి వెళ్లాలంటుంది. ముసలామె నడుముకు తాడు కడుతుంది. పిల్ల దాన్ని విప్పి స్తంభానికి కట్టి, గడపలో విడిచిన గడ్డిచెప్పులు తొడుక్కుని నడక మొదలుపెడుతుంది. పరుగెత్తదు, ఎందుకంటే పరుగెత్తితే పడుతుంది. లోపలినుంచి "అయిందా తల్లీ?" అన్న పిలుపు కొండమలుపు దాకా వినిపిస్తూనే ఉంటుంది. పలకడానికి ఇక్కడ మంత్రకాగితం లేదు. ఆ మౌనాన్ని మౌనంగానే ఉంచండి.

ముగింపుకు మరో దారి కూడా తోనోలోనే ఉంది. సముతో అనే చోట ఒక పడుచుపిల్ల పియర్ చెట్టు కింద చెప్పులు విడిచి మాయమైపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత గాలి హోరెత్తే ఒక రోజున ముసలిదై తిరిగివచ్చి, అందరినీ చూడాలనిపించి వచ్చానని చెప్పి, మళ్లీ వెళ్లిపోయింది. గాలి బలంగా వీచే రోజున సముతో ముసలమ్మ వచ్చేలా ఉందని ఆ ఊరివారు అనుకుంటారట. పెరో పాఠంలోలాగా పిల్లను తిరిగి రానివ్వకూడదనుకునేవారికి ఈ దారి చక్కగా సరిపోతుంది. నేను మాత్రం పిల్లను ఇంటికి చేర్చాను, ఎందుకంటే నాకు పొయ్యి పక్కన కూర్చున్న తండ్రితో పని ఉంది.

"వాకిట్లో నిలబడి పిల్ల ఒక చెప్పు విప్పి మంచులో పెట్టింది. 'ఇంతదూరం వచ్చినందుకు దండం' అంది. చీకటి ఆ చెప్పును తీసుకుపోయింది. ఒంటి చెప్పుతో లోపలికి వచ్చిన కూతురి వైపు తండ్రి తలెత్తి చూడలేదు.
'నానమ్మ ఎలా ఉంది?' అన్నాడు.
'ఆకలిగా ఉంది' అంది పిల్ల.
గుర్రపుశాలలో గుర్రం కాళ్లు కదిపింది.
దొందొ హరె."

రాయడం పూర్తయ్యాక కథను ఎవరికైనా, వీలైతే పిల్లలకు, పైకి చదివి వినిపించండి. జపాన్ పల్లెల్లో కథ చెప్పేటప్పుడు వినేవారు మధ్యమధ్య మాట కలుపుతారు, మన ఇళ్లలో ఊ కొడతారు. దారి ఘట్టంలో ఊ ఆగిపోతే, అంటే వినేవారు ఊపిరి బిగబట్టారంటే, ఆ ఘట్టాన్ని ముట్టుకోకండి. దెందెరనో గురించి వివరించేచోట ఊ ఆగిపోతే అక్కడ వివరణ ఎక్కువైందని అర్థం, అందులో సగం వాక్యాలు తీసేసి మళ్లీ చదవండి.